మిలిటరీ నుంచి వచ్చినవాళ్లని కంపెనీలు చేర్చుకుంటాయి సరే, ఉంచుకుంటాయా?

మీరు అడిగినవి రెండు. మీవారు 17 ఏళ్లు సైన్యంలో వాహనాల మరమ్మతు విభాగంలో చేసి వచ్చే ఏడాది బయటికి వస్తున్నారు, "మాజీ సైనికులకు మా దగ్గర పెద్దపీట" అని చెప్పుకునే కంపెనీల మాట ఎంతవరకు నమ్మొచ్చు అన్నది మొదటిది. ఇప్పటికే ఒకచోట సెక్యూరిటీ సూపర్‌వైజర్‌గా రమ్మంటున్నారు, ఒప్పుకోవాలా వద్దా అన్నది రెండోది. రెండోదానికి జవాబు చివర్లో చెబుతాను, మొదటిది సరిగ్గా అర్థమైతే అది చాలావరకు మీకే తెలిసిపోతుంది.

ముందు నా సంగతి. సైన్యంలో సిగ్నల్స్‌లో, అంటే సమాచార వ్యవస్థ చూసే విభాగంలో, 16 ఏళ్లు చేశాను. బయటికొచ్చాక రెండు ఉద్యోగాలు చేశాను, మొదటిది పట్టుమని ఏడాది కూడా నిలవలేదు, ఆ కథ కింద ఉంది. ఇప్పుడు పదకొండేళ్లుగా కంపెనీలకి మనుషుల్ని వెతికిపెట్టే పనిలో ఉన్నాను, అందులో మాజీ సైనికులు చాలామంది. అంటే ఇంటర్వ్యూ బల్లకి రెండు వైపులా కూర్చున్నవాణ్ణి. అటువైపు నుంచీ ఇటువైపు నుంచీ చూశాక నా అభిప్రాయం ఒక్కటే: చేర్చుకోవడంలో కంపెనీలు మరీ అంత చెడ్డగా ఏమీ లేవు. చేరిన మనిషిని నిలబెట్టుకోవడంలో, అతని స్థాయికి తగిన పని ఇవ్వడంలో మాత్రం చాలావాటికి పాస్ మార్కులు కూడా వేయలేను. పెళ్లి ఘనంగా చేసి కాపురం సంగతి గాలికొదిలేసినట్టు ఉంటుంది వ్యవహారం.

ఇది ఎందుకు ఇలా తయారైందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. ఈ "వెటరన్ హైరింగ్", అంటే మాజీ సైనికులకి ఉద్యోగాలివ్వడం అన్న హడావుడి పెద్ద ఎత్తున మొదలైంది అమెరికాలో. 2011లో అక్కడ, 2001 సెప్టెంబర్ తర్వాత సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్లలో నిరుద్యోగం 12.1 శాతం ఉండేది, మామూలు జనం కంటే బాగా ఎక్కువ. ఇరాక్ నుంచి, అఫ్గానిస్తాన్ నుంచి వచ్చిన కుర్రాళ్లు ఖాళీగా తిరుగుతున్నారని గోల మొదలైంది. ఆ ఏడాదే జేపీ మోర్గాన్ చేజ్, ఇంకో పది కంపెనీలు కలిసి లక్ష మందికి ఉద్యోగాలిస్తామని ప్రకటించాయి. 2013లో వాల్‌మార్ట్, సైన్యం నుంచి గౌరవంగా విడుదలైనవాళ్లు ఎవరొచ్చినా మొదటి ఏడాదిలోపు ఉద్యోగం ఇస్తామంది. అదే ఏడాది స్టార్‌బక్స్ 10,000 మంది అంది. 2021లో అమెజాన్, సైనికుల జీవిత భాగస్వాములను కూడా కలుపుకుని 2024కల్లా లక్ష మంది అంది. ఇవన్నీ మంచి పనులే, నేను వెక్కిరించడం లేదు. కానీ ఒక్కటి గమనించండి, ఈ ప్రకటనలన్నిట్లో పెద్దక్షరాల్లో కనిపించే అంకె చేరినవాళ్లది. లక్ష మంది చేరారు అంటారు. మూడేళ్ల తర్వాత అందులో ఎంతమంది మిగిలారు, ఏ హోదాలో ఉన్నారు అన్నది ఏ ప్రకటనలోనూ హెడ్‌లైన్ కాలేదు.

2023 వచ్చేసరికి అమెరికాలో మొత్తం మాజీ సైనికుల నిరుద్యోగం 2.8 శాతానికి దిగింది, సైన్యం ముఖం చూడనివాళ్ల కంటే తక్కువ. చూడ్డానికి సమస్య తీరిపోయినట్టే. కానీ ఆ అంకె మనిషికి పని ఉందా లేదా అన్నది మాత్రమే చెబుతుంది, ఆ పని అతనికి సరిపడేదా అన్నది చెప్పదు. 200 మందికి రేషన్, ఇంధనం, బండ్లు సమయానికి అందేలా చూసినవాడు ఒక గోడౌన్‌లో పెట్టెలు మోస్తున్నా లెక్కల ప్రకారం "ఉద్యోగి"నే. ఈ రంగంలో అసలు జబ్బు నిరుద్యోగం కాదు, తక్కువ స్థాయి ఉద్యోగం. అది ఏ పట్టికలోనూ సరిగ్గా దొరకదు.

నాకు తెలిసిన ఒకాయన సంగతి చెబుతాను, మీవారి ట్రేడే, అంటే సైన్యంలో అదే రకం పని. సైన్యంలో వర్క్‌షాప్ నడిపినవాడు, కింద ఇరవై రెండు మంది. ఏ బండి ఎప్పుడు ఆగుతుందో ముందే లెక్కేసి విడిభాగాలు తెప్పించుకునేవాడు. ఒక రవాణా కంపెనీ ఆయన్ని స్టోర్ అసిస్టెంట్‌గా తీసుకుంది. ఎందుకంటే ఆయన రెజ్యూమేలో "వెహికల్ మెకానిక్" అని రాసుంది, దాని కింద పది లైన్ల సైనిక పొడి అక్షరాలు, యూనిట్ల నంబర్లు, కోర్సుల పేర్లు. చదివిన హెచ్‌ఆర్ అమ్మాయికి ఒక్క ముక్క అర్థం కాలేదు, మెకానిక్ అన్న మాట పట్టుకుంది. రెండేళ్లు బోల్టులు, ఫిల్టర్లు లెక్కపెట్టాడు. రాజీనామా ఇచ్చిన రోజు ఎగ్జిట్ ఇంటర్వ్యూలో, "సైన్యంలో మీరు ఏం చేసేవారు?" అని తొలిసారి అడిగారట. అడిగిందీ ఆయన పై అధికారి కాదు, హెచ్‌ఆర్‌లో ఫారం నింపుతున్న మనిషి. ఇప్పుడాయన వేరే కంపెనీలో 140 లారీల నిర్వహణ చూస్తున్నాడు. ఆ మొదటి కంపెనీకి మాజీ సైనికుల మీద ద్వేషమేమీ లేదు, వాళ్ల రిసెప్షన్‌లో మాజీ సైనికులకి ఉద్యోగాలిచ్చినందుకు వచ్చిన సర్టిఫికెట్ ఫ్రేమ్ కట్టించి మరీ పెట్టుకున్నారు.

ఈ అర్థం కాకపోవడం అనేది చాలా పెద్ద విషయం, దీని మీద కొంచెం ఆగుతాను. సైన్యంలో హోదా భుజం మీద ఉంటుంది, ఒక్క చూపుతో ఎవరేంటో తెలుస్తుంది. కంపెనీ వాళ్లకి ఆ చూపు లేదు. హవల్దారు పెద్దా నాయక్ పెద్దా అంటే నూటికి తొంభై మంది హెచ్‌ఆర్ వాళ్లు నోరెళ్లబెడతారు, వాళ్ల తప్పు కాదు, వాళ్లకెవరూ చెప్పలేదు. అమెరికాలో కార్మిక శాఖ ఆన్‌లైన్‌లో ఓనెట్ అనే డేటాబేస్ నడుపుతుంది, అందులో సైన్యంలోని ట్రేడ్ కోడ్ కొడితే దానికి దగ్గరైన సివిల్ ఉద్యోగాలు చూపిస్తుంది. చాలా కంపెనీలు దాన్నే తమ కెరీర్ పేజీలో పెట్టుకుని పని అయిపోయిందనుకుంటాయి. అది ట్రేడ్‌ని తర్జుమా చేస్తుంది, బాధ్యతని చేయలేదు. అదే ట్రేడ్‌లో నాలుగేళ్లవాడూ పదిహేడేళ్లవాడూ దానికి ఒకటే.

ఇంకో అడ్డు డిగ్రీ. ఇప్పుడు దరఖాస్తులని ముందు మనిషి చూడడు, సాఫ్ట్‌వేర్ చూస్తుంది. "డిగ్రీ తప్పనిసరి" అన్న గడి ఖాళీగా ఉంటే అక్కడే తీసి పక్కన పడేస్తుంది. భారత్‌లో పదో తరగతి పాసై 15 ఏళ్ల సర్వీసు చేసిన సైనికుణ్ణి గ్రూప్-సి కేంద్ర ప్రభుత్వ కొలువుల కోసం గ్రాడ్యుయేట్‌తో సమానంగా చూడాలని నిబంధన ఉంది, ఆ మేరకు సర్టిఫికెట్ కూడా ఇస్తారు. మంచిదే, కానీ ప్రైవేటు కంపెనీ పోర్టల్‌లో డ్రాప్‌డౌన్ తెరిస్తే బీఏ, బీకాం, బీటెక్ ఉంటాయి తప్ప ఆ సర్టిఫికెట్‌కి చోటుండదు. ఒక కంపెనీకి నేను ఈ మాట చెప్పి ఆ గడి తీయించడానికి నాలుగు నెలలు పట్టింది. తీశాక మొదటి నెలలోనే, అంతకుముందు ఎప్పుడూ వాళ్ల కంటపడని మంచి రెజ్యూమేలు వచ్చాయి. మాజీ సైనికుల కోసం ప్రత్యేక విభాగం పెట్టి ఫొటోలు తీయించుకోవడం కంటే ఈ ఒక్క గడి తీయడం ఎక్కువ పని చేస్తుంది, కానీ దాన్ని ఫొటో తీయలేరు కదా.

ఇంటర్వ్యూ సంగతి. మనవాళ్లు "నేను" అనరు, "మేము" అంటారు. సైన్యంలో పదహారేళ్లు అలా మాట్లాడ్డమే నేర్పారు, "నేను చేశాను" అంటే గొప్పలు పోతున్నాడంటారు అక్కడ. ఇక్కడేమో ప్యానెల్‌లో కూర్చున్నవాడు, ఇతను చేసిందేమీ లేదేమో, అంతా ఎవరో చేశారేమో అనుకుంటాడు. ఇది మీవారు ఇప్పట్నుంచే అలవాటు చేసుకోవాలి, అబద్ధం చెప్పమని కాదు, తాను చేసింది తాను చేశానని చెప్పడం. ఇక అటువైపు నుంచి వచ్చే ప్రశ్నలంటారా, "ఎవరినైనా కాల్చారా?" అని అడిగినవాణ్ణి నా కళ్లారా చూశాను. సిగ్నల్స్‌లో కేబుల్ వేసే మనిషిని పట్టుకుని.

ఆ ప్రశ్న వెనక ఒక భయం ఉంటుంది, దాన్ని ఎవరూ పైకి చెప్పరు. యుద్ధం నుంచి వచ్చినవాడు, మనసు బాగుంటుందో లేదో, ఆఫీసులో అరుస్తాడేమో అని. అమెరికాలో మాజీ సైనికుల వ్యవహారాల శాఖ లెక్క ప్రకారం అక్కడి మాజీ సైనికుల్లో జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు పీటీఎస్‌డీకి (భయంకరమైన అనుభవం తర్వాత మనసుని వదలని ఒత్తిడి జబ్బుకి) గురయ్యేవాళ్లు దాదాపు 7 శాతం, మొత్తం పెద్దవాళ్లలో దాదాపు 6 శాతం. ఇరాక్, అఫ్గాన్ యుద్ధాలకి వెళ్లినవాళ్లలో అది చాలా ఎక్కువ, దాచాల్సిన పని లేదు. అయినా అది వైద్యం ఉన్న జబ్బే, అందరికీ అంటగట్టే ముద్ర కాదు. నిజానికి అక్కడ సైనిక సర్వీసు వల్ల వచ్చిన వైకల్యాల్లో అన్నిటికంటే ఎక్కువగా నమోదయ్యేది చెవుల్లో హోరు. తుపాకులు, జనరేటర్లు, ఇంజన్లు. గోడల్లేని ఆఫీసు హాల్లో నలభై మంది మాట్లాడుతుంటే అలాంటి మనిషికి ఎదుటివాడి మాట సరిగ్గా వినపడదు, మళ్లీ అడగడానికి మొహమాటం, దాంతో మీటింగుల్లో ముభావంగా ఉంటాడు. "కలవడం లేదు" అని అప్రైజల్‌లో, అంటే పనితీరు నివేదికలో, రాస్తారు. ఒక మూల సీటు, కాల్స్‌లో అక్షరాలు కనపడే సదుపాయం, అంతే కావాల్సింది. మానసిక ఆరోగ్యం మీద మూడు సెమినార్లు పెట్టిన కంపెనీలో ఈ సీటు మార్పించడానికి ఒకతను ఏడు మెయిళ్లు పెట్టాడు.

జీతం గురించి మీరు అడగలేదు కానీ చెప్పకపోతే తప్పవుతుంది. సైన్యంలో జీతం బేరం ఆడేది కాదు, ర్యాంకు బట్టి, సర్వీసు బట్టి కాగితం మీద అచ్చై ఉంటుంది. అందుకని మనవాళ్లు కంపెనీ మొదట చెప్పిన అంకెకే తల ఊపి సంతకం పెట్టేస్తారు. ఏడాది తర్వాత పక్క సీటు కుర్రాడికి తనకంటే ఎక్కువని తెలుస్తుంది, అప్పుడు మొదలవుతుంది లోపల కుతకుత. దీనికి తోడు ఇంకోటి, ఇది మాత్రం నాకు ఒళ్లు మండిస్తుంది: "మీకు పెన్షన్ వస్తుంది కదా" అని తగ్గించి ఇవ్వడం. పెన్షన్ ఆయన చేసేసిన 17 ఏళ్లకి, వీళ్ల దగ్గర చేయబోయే పనికి కాదు. మరో అభ్యర్థికి తాతగారి ఆస్తి ఉందని జీతం తగ్గిస్తారా? ఇంటర్వ్యూలో పెన్షన్ ఎంత అని అడిగితే, ఆ పోస్టుకి మీరు అనుకున్న జీతం ఎంతో చెప్పండి, దాని మీద మాట్లాడదాం అని మర్యాదగా తిప్పికొట్టమనండి. అలా అన్నందుకు ఆఫర్ వెనక్కి తీసుకున్న కంపెనీ నాకింతవరకు తగల్లేదు.

ఇప్పుడు నా మొదటి ఉద్యోగం కథ. పేరు అనవసరం, మంచి కంపెనీయే. చేరిన రోజు బొకే ఇచ్చారు, చప్పట్లు కొట్టారు, కంపెనీ పత్రికలో ఫొటో వేశారు. ఆ తర్వాత మూడు వారాల వరకు నేను ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. నా మేనేజర్‌కి ఇరవై ఏడేళ్లు, తెలివైన పిల్లాడు, కానీ నాతో ఎలా మాట్లాడాలో అతనికి తెలియదు. నేను అతను గదిలోకి రాగానే లేచి నిలబడేవాణ్ణి, అతను ఇబ్బంది పడేవాడు. అతను "వీలైతే ఒకసారి చూడండి సార్" అంటే నేను నిజంగానే వీలున్నప్పుడు చూసేవాణ్ణి. ఇక్కడ ఆ మాటకి "సాయంత్రంలోపు కావాలి" అని అర్థమని నాకు ఆరో నెలలో తెలిసింది. సైన్యంలో పని అంటే ఎవరు, ఏమిటి, ఎప్పటికి అని చెబుతారు, ఎలా అన్నది మనకి వదిలేస్తారు. ఇక్కడ ఎలా అన్నదాని మీద నాలుగు మీటింగులు పెడతారు, ఎప్పటికి అన్నది ఎవరూ అనరు. బయటివాళ్లు మిలిటరీ వాళ్లు ఆర్డరిస్తే తప్ప కదలరనుకుంటారు, అది శుద్ధ తప్పు. లక్ష్యం చెప్పకుండా కూర్చోబెడితేనే కదల్లేం. పదకొండో నెలలో మానేశాను. ఎవరూ నన్ను అవమానించలేదు, ఎవరూ మోసం చేయలేదు, అందరూ "సార్" అనే పిలిచారు. ఆ సార్ అన్న పిలుపే దూరం పెట్టింది అనిపిస్తుంది ఇప్పుడు. గౌరవం ఇస్తున్నాం కాబట్టి తప్పు ఎత్తి చూపకూడదనుకున్నారు, ఎత్తి చూపకపోతే నేను ఎలా నేర్చుకుంటాను?

రెండో కంపెనీలో చేరిన రోజు బొకే లేదు. నా మేనేజర్ ఒక ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి, మొదటి మూడు నెలల్లో నా నుంచి ఏం కావాలో ఒక కాగితం మీద రాసిచ్చింది. నాకంటే నాలుగేళ్ల ముందు వైమానిక దళం నుంచి వచ్చిన ఒకతన్ని పరిచయం చేసి, "ఏ పిచ్చి ప్రశ్న ఉన్నా ఇతన్ని అడగండి" అంది. నేనడిగిన మొదటి పిచ్చి ప్రశ్న, సెలవు అడగాలా చెప్పాలా అని. ఆ మనిషి లేకపోతే ఆ ప్రశ్న ఎవరిని అడిగేవాణ్ణో నాకిప్పటికీ తెలియదు. అక్కడ ఆరేళ్లు ఉన్నాను.

కాబట్టి మంచి కంపెనీ అంటే నా లెక్కలో ఇదీ: చేరిన మనిషి మీద కంటే ఆ మనిషి పై అధికారి మీద ఎక్కువ శ్రద్ధ పెట్టేది. మాజీ సైనికుడికి ట్రైనింగ్ ఇవ్వడం అన్ని కంపెనీలూ చేస్తాయి, మేనేజర్‌కి గంట సేపు కూర్చోబెట్టి చెప్పేవి చాలా తక్కువ. అమెరికా ప్రభుత్వం 2017లో చట్టం చేసి హైర్ వెట్స్ మెడాలియన్ అని ఒక అవార్డు పెట్టింది. అందులో నాకు నచ్చింది ఏంటంటే, తీసుకున్నవాళ్ల శాతం ఒక్కటే చూడరు, పన్నెండు నెలల తర్వాత ఎంతమంది ఉన్నారో కూడా చూస్తారు. పెద్ద కంపెనీకి గోల్డ్ రావాలంటే 75 శాతం మంది, ప్లాటినం రావాలంటే 85 శాతం మంది నిలవాలి. పన్నెండు నెలలు చాలదంటాను నేను, బొకే మత్తు దిగడానికే అంత పడుతుంది, కానీ అసలు ఆ ప్రశ్న అడగడమే గొప్ప.

బ్యాడ్జీలన్నీ ఒకటి కావని దీన్నిబట్టి అర్థమవుతుంది. బ్రిటన్‌లో 2014 నుంచి కంపెనీలకి బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ గుర్తింపు ఇస్తున్నారు. బ్రాంజ్ అంటే మేం సైనికులకి అండగా ఉంటామని మాట ఇవ్వడం, అంతే. గోల్డ్ కావాలంటే ఆ మాట చేసి చూపించాలి, ఉదాహరణకి తమ దగ్గర పనిచేస్తూ రిజర్వ్ దళంలో (అవసరమైనప్పుడు సైన్యం పిలిచే దళంలో) ఉన్నవాళ్లకి శిక్షణ కోసం ఏడాదికి కనీసం 10 రోజులు అదనంగా, జీతంతో సెలవివ్వాలి. వెబ్‌సైట్‌లో మాత్రం రెండు గుర్తులూ దాదాపు ఒకేలా మెరుస్తుంటాయి. చట్టాల విషయానికొస్తే, అమెరికాలో 1994 నాటి యూసెర్రా అనే చట్టం ఉంది, ఉద్యోగం మధ్యలో సైనిక విధికి పిలుపొచ్చి వెళ్లినవాడు తిరిగొస్తే పాత కుర్చీ ఇస్తే సరిపోదు, వెళ్లకుండా ఉండి ఉంటే ఈపాటికి ఏ కుర్చీలో ఉండేవాడో ఆ కుర్చీ ఇవ్వాలి అంటుంది. చాలా తెలివైన ఆలోచన అది. సైన్యంలో గడిపిన కాలాన్ని ఖాళీ కాలంగా చూడొద్దు అని చట్టంలో రాసుకున్నారు. అయితే అది మధ్యలో వెళ్లొచ్చినవాళ్లకి. మీవారిలా ఒకేసారి పూర్తిగా బయటికొచ్చేవాళ్లకి అలాంటి రక్షణ లేదు, సున్నా నుంచే.

భారత్‌లో ఉన్నది ఎక్కువగా కోటా పద్ధతి. కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సిలో 10 శాతం, పాత గ్రూప్-డిలో 20 శాతం, ప్రభుత్వ రంగ సంస్థల్లో, బ్యాంకుల్లో అవే రెండు గ్రూపులకి వరుసగా 14.5, 24.5 శాతం మాజీ సైనికులకి. ప్రైవేటు రంగానికి అలాంటి కోటా లేదు. కోటా ఉన్నచోట కూడా ఆ కుర్చీలన్నీ నిండటం లేదన్నది పాత ఫిర్యాదే. కోటాతో వచ్చే చిక్కు ఏంటంటే తలుపు తెరుస్తుంది, అక్కడితో దాని పని అయిపోతుంది, లోపలికెళ్లాక ఎక్కడ కూర్చోబెడతారన్నది దాని పరిధి కాదు. ఇంకో విషయం, మాజీ సైనికులకి ఉపాధి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ, పునరావాస డైరెక్టరేట్ జనరల్ దగ్గర నమోదైన సెక్యూరిటీ ఏజెన్సీలు గార్డుల్లో 90 శాతం మాజీ సైనికులనే పెట్టుకోవాలి. ఎంతోమందికి అన్నం పెట్టిన ఏర్పాటు అది, కాదనను, కానీ దానివల్ల "మిలిటరీ నుంచి వస్తే సెక్యూరిటీయే" అన్న దారి కూడా బాగా అరిగి నున్నగా అయిపోయింది, ఆలోచించకుండా కాళ్లు అటే వెళ్తాయి. 2022లో మొదలైన అగ్నిపథ్ అనే సైనిక నియామక పథకంలో నాలుగేళ్ల తర్వాత కొనసాగేది గరిష్ఠంగా 25 శాతమే అన్నారు, అంటే మిగతావాళ్లు ఇరవైల్లోనే పెన్షన్ లేకుండా బయటికొస్తారు. కంపెనీలకి ఇది వేరే రకం పరీక్ష. వాళ్ల గురించి వేరేగా రాయాలి, ఇక్కడ కలపను.

అమెరికాలో స్కిల్‌బ్రిడ్జ్ అని ఒకటుంది, సర్వీసు చివరి 180 రోజుల్లోపు సైనికుణ్ణి కంపెనీకి పంపిస్తారు, జీతం సైన్యమే ఇస్తుంది. కంపెనీ ఖర్చు లేకుండా మనిషిని చూసుకుంటుంది, మనిషి యూనిఫాం విప్పకముందే కంపెనీని చూసుకుంటాడు. ఈ రెండో సగం విలువ చాలామందికి తెలియదు. మీవారికి చివరి నెలల్లో ఇలాంటి శిక్షణకి వెళ్లే అవకాశం ఏది ఉన్నా వదులుకోవద్దనండి, సర్టిఫికెట్ కోసం కాదు, ఆఫీసు అనేది ఎలా నడుస్తుందో జీతం టెన్షన్ లేకుండా చూడ్డానికి.

మరి మీరు కంపెనీని ఎలా పరీక్షించాలి? ఇంటర్వ్యూ చివర్లో "మమ్మల్ని ఏమైనా అడుగుతారా" అంటారు కదా, అప్పుడు మీ దగ్గర మాజీ సైనికులు ఎంతమంది ఉన్నారు అని అడగొద్దు, ఆ జవాబు వాళ్ల నాలుక చివరే ఉంటుంది. రెండేళ్ల క్రితం చేరినవాళ్లలో ఇప్పుడు ఎవరున్నారు, వాళ్లు ఏ హోదాలో చేరి ఏ హోదాకి వచ్చారు అని అడగమనండి. సెక్యూరిటీ, అడ్మిన్ కాకుండా వేరే విభాగాల్లో ఎవరున్నారు అని అడగమనండి. వాళ్లలో ఒకరితో పది నిమిషాలు ఫోన్‌లో మాట్లాడించగలరా అనండి. మంచి కంపెనీ సాయంత్రానికల్లా నంబర్ పంపుతుంది. తడబడితే, "డేటా చూసి చెబుతాం" అంటే, అక్కడ లెక్క ఎవరూ పెట్టుకోవడం లేదని అర్థం. అలాంటిచోట చేరకూడదని కాదు, చేరితే మీ సంగతి మీరే చూసుకోవాలని తెలిసి చేరాలి.

తప్పంతా కంపెనీలదే అన్నట్టు రాస్తున్నానేమో, అది నిజం కాదు. మనవాళ్లలో కొందరు ర్యాంకుని ఇంటి పేరులా మోస్తారు. చేరిన వారం నుంచే "సివిల్ వాళ్లకి డిసిప్లిన్ లేదు" అని మొదలుపెడతారు. పది నిమిషాలు ఆలస్యంగా వచ్చిన పిల్లాడు రాత్రి రెండింటిదాకా పనిచేశాడని తెలుసుకోరు. అలాంటి ఒకరిని నేనే ఒక కంపెనీలో పెట్టించి, మూడు నెలల్లో నేనే వెళ్లి సర్దిచెప్పి తీసుకురావాల్సి వచ్చింది. ఆ కంపెనీ ఆ తర్వాత రెండేళ్లు మాజీ సైనికుల రెజ్యూమే ముట్టుకోలేదు. అన్యాయమే, ఒక్కడు చేసినదానికి అందరికీ శిక్ష, కానీ జరిగేది అదే.

ఇక మీ రెండో ప్రశ్న. సెక్యూరిటీ సూపర్‌వైజర్ పని తక్కువదేం కాదు, ఇష్టపడి చేసేవాళ్లు నాకు చాలామంది తెలుసు. కానీ మీరు రాసినదాన్ని బట్టి మీవారికి అది ఇష్టమై కాదు, మొదట వచ్చింది కాబట్టి ఆలోచిస్తున్నారు. ఇంకా ఏడాది టైముంది, ఇప్పుడే ఎందుకు ఊ అనాలి? పైగా ఒకసారి రెజ్యూమేలో మొదటి సివిల్ ఉద్యోగంగా సెక్యూరిటీ పడితే, తర్వాత రెజ్యూమే చూసేవాడు 17 ఏళ్ల మరమ్మతు అనుభవం దాకా కిందికి చదవడు, నేను చదువుతాను కానీ నాలాంటి వాళ్లు ఎంతమంది. వాళ్లకి వద్దని చెప్పకండి, విడుదల తేదీ దగ్గరపడ్డాక చెబుతాం అనండి, అలాంటి పోస్టులు అప్పుడూ ఉంటాయి. ఈలోగా ఒక పని చేయండి. ఒక ఆదివారం ఆయన్ని కూర్చోబెట్టి, ఏ ఏడాది ఎన్ని బండ్లు ఆయన చేతి కింద ఉన్నాయి, ఎంతమంది కుర్రాళ్లకి పని నేర్పారు, ఏ బండి ఆగిపోతే ఎన్ని గంటల్లో లేపారు, విడిభాగాలు దొరకనప్పుడు ఏం చేశారు, అన్నీ మీరు అడిగి మీరే రాయండి. గోప్యమైనవి ఏవో ఆయనకి తెలుసు, అవి వదిలేస్తారు. మీరే ఎందుకంటే మీకు ఆ పొడి అక్షరాలు తెలియవు, మీకు అర్థమయ్యేలా ఆయన చెప్పాల్సి వస్తుంది, మీకు అర్థమైతే హెచ్‌ఆర్‌కీ అర్థమవుతుంది. "మేము" అన్నప్పుడల్లా ఆపి, అందులో మీరు చేసిందేంటి అని అడగండి. చిరాకు పడతారు, పడనివ్వండి. ఆ కాగితాలు పట్టుకుని రవాణా కంపెనీలు, బస్సుల సంస్థలు, భారీ యంత్రాలు అద్దెకిచ్చేవాళ్లు, వాహన సర్వీస్ నెట్‌వర్కులు, వీటి వైపు వెళ్లండి. పోస్టు పేరులో మెయింటెనెన్స్ సూపర్‌వైజర్, ఫ్లీట్ (అంటే కంపెనీ బండ్లన్నీ కలిపి), వర్క్‌షాప్ ఇన్‌చార్జ్ అన్న మాటలు ఉన్నవి చూడండి, మెకానిక్ అన్న ఒక్క మాటే ఉన్నవి వదిలేయండి. విడుదలకి రెండు నెలల ముందు వరకు ఏదీ కుదరకపోతే అప్పుడు ఆ సెక్యూరిటీ ఆఫర్ గురించి మళ్లీ అడగండి, ఇక్కడే ఉంటాను.